డిస్క్‌టువీహెచ్‌డీ రివ్యూ: డిస్కు క్షేమంగా చేరుతుంది, షేరింగ్ దారిలో తప్పిపోతుంది

చిన్న ఆఫీసుల్లో ఒక మూలన ఒక పాత సిస్టం ఉంటుంది. దానికి మానిటర్ కూడా ఉండదు. టాలీ డేటా అందులోనే, స్కానర్ పంపే ఫైళ్లు అందులోనే, నలుగురూ రోజూ తెరిచే ఫోల్డర్లూ అందులోనే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిశాక ఇలాంటి సిస్టంలను తీసేయాలా, ఉంచాలా అన్న ప్రశ్న చాలాచోట్ల వచ్చింది. కొందరు మధ్యేమార్గంగా పాత సిస్టంను ఉన్నదున్నట్టు వర్చువల్ మెషీన్‌గా (వీఎం, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే ఇంకో కంప్యూటర్) మార్చి కొత్త కంప్యూటర్‌లో నడుపుతున్నారు. వీఎంలో పెట్టినంత మాత్రాన పాత విండోస్‌కి అప్‌డేట్లు రావని ముందే అనుకోవాలి. ఎప్పుడు చస్తుందో తెలియని హార్డ్ డిస్క్ నుంచి మాత్రం బయటపడతాం.

ఈ పనికి ఎక్కువగా వినిపించే పేరు డిస్క్‌టువీహెచ్‌డీ. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ రాసిన సిస్‌ఇంటర్నల్స్ (మైక్రోసాఫ్ట్ ఇచ్చే చిన్న టూల్స్ కట్ట) టూల్ ఇది. 2009 నుంచి మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉచితంగా దొరుకుతోంది. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, జిప్ విప్పి డబుల్ క్లిక్ చేస్తే చాలు. నడుస్తున్న విండోస్‌ని ఆపకుండానే షాడో కాపీ (ఆ క్షణానికి డిస్కు ఎలా ఉందో అలా పట్టే నకలు) తీసి, దాని నుంచి వీహెచ్‌డీ అనే డిస్కు ఫైలు తయారుచేస్తుంది. ఒక్కటే విండో. పైన ఫైలు ఎక్కడ పెట్టాలో, కింద డ్రైవ్‌ల జాబితా, మూడు టిక్కులు.

ఈ టూల్‌కి సాధారణంగా వచ్చే మెచ్చుకోలంతా వీఎం బూట్ అయిందా లేదా అన్న దగ్గరే ఆగిపోతుంది. ఫైళ్ల కోసం బతికే సిస్టంకి అది సగం పరీక్షే. మర్నాడు పొద్దున పక్క టేబుల్ మీద సిస్టంలో, ఈ ఫోల్డర్లకి దారిగా పెట్టుకున్న జడ్ డ్రైవ్ తెరుచుకుందా అన్నదే అసలు పరీక్ష. ఆ లెక్కన డిస్కు కాపీకి పదికి తొమ్మిది ఇవ్వొచ్చు. షేరింగ్‌కి మూడు దాటదు. ఆ మూడు కూడా డిస్కులో ఉన్నదాన్ని ఒక్క ముక్క పోగొట్టకుండా తెచ్చినందుకే.

ఎందుకంటే షేర్ల (నెట్‌వర్క్‌లో పంచిన ఫోల్డర్ల) వివరాలు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) లాన్‌మ్యాన్‌సర్వర్ కింద షేర్స్ అనే కీలో ఉంటాయి. యూజర్లు, పాస్‌వర్డ్‌లు, ఏ ఫోల్డర్ ఎవరికి అన్న అనుమతులు కూడా డిస్కులోవే. అవన్నీ భద్రంగా వస్తాయి. కొత్త విండోస్ వేసి ఫైళ్లు కాపీ చేసే పద్ధతిలో ఈ అనుమతులన్నీ మళ్లీ కట్టుకోవాలి. ఇక్కడ ఆ బాధ లేదు. అయితే నెట్‌వర్క్ కార్డు, దాని మ్యాక్ అడ్రస్ (కార్డు గుర్తింపు సంఖ్య), రూటర్ ఆ మ్యాక్‌కి కేటాయించిన ఐపీ (నెట్‌వర్క్‌లో సిస్టం చిరునామా) డిస్కులో ఉండవు. షేరింగ్ తెగేది సరిగ్గా అక్కడే, టూల్ దాని గురించి ఒక్క మాటా చెప్పదు.

ముందు కన్వర్షన్ సంగతి త్వరగా ముగిద్దాం. బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే ఎన్‌క్రిప్షన్ తాళం) ఉంటే ఆపేసి, డ్రైవ్ పూర్తిగా డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగాలి. లేకపోతే ఈ టూల్ ఆ డ్రైవ్‌ని మార్చదు. ఫైలును ఎప్పుడూ వేరే డిస్కు మీదే రాయించండి, వేగంలో తేడా బాగా తెలుస్తుంది. జాబితాలో పేరులేని చిన్న పార్టిషన్లు కనిపిస్తాయి. అవి బూట్‌కి కావాలి, టిక్ తీసేయకండి. యూఈఎఫ్‌ఐ (కొత్త తరహా బూట్ పద్ధతి) సిస్టం అయితే హైపర్-వీలో (వీఎంలు నడిపే విండోస్ సొంత సాఫ్ట్‌వేర్) జనరేషన్ 2, పాత బయోస్ సిస్టం అయితే జనరేషన్ 1 ఎంచుకోవాలి. ఇది తారుమారైతే బూటే కాదు. వర్చువల్‌బాక్స్‌లో (ఇదే పని చేసే ఇంకో సాఫ్ట్‌వేర్) నడపాలనుకుంటే వీహెచ్‌డీఎక్స్ (వీహెచ్‌డీకి కొత్త రూపం) టిక్ తీసేసి వీహెచ్‌డీగా చేసుకుంటే ఇబ్బంది తక్కువ. ఇంకొకటి, తయారైన ఫైలును అదే పాత సిస్టంలో మౌంట్ చేసి చూడాలన్న సరదా వద్దు. రెండు డిస్కుల సిగ్నేచర్ ఒకటే కావడంతో విండోస్ కొత్తదాని సిగ్నేచర్ మార్చేస్తుంది. ఆ తర్వాత వీఎం బూట్ డిస్కు దొరకడం లేదంటూ ఆగిపోతుంది.

ఇక షేరింగ్.

"నెట్ వస్తోంది, షేర్ మాత్రం రావడం లేదు" అన్నది ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ వినిపించే ఫిర్యాదు. పదిలో ఎక్కువసార్లు కారణం ఒకటే, వీఎం న్యాట్‌లో (హోస్ట్, అంటే వీఎంని నడిపే అసలు కంప్యూటర్, చాటున ఉండి నెట్ వాడుకునే పద్ధతి) ఉండటం. వర్చువల్‌బాక్స్‌లో కొత్త మెషీన్‌కి మామూలుగా ఇచ్చేది న్యాటే. వీఎంలో ఐపీకాన్ఫిగ్ కొడితే 10.0.2.15 అని వస్తే ఇంకేం వెతకక్కర్లేదు. లోపలి నుంచి బయటికి దారి ఉంది, బయటి నుంచి లోపలికి లేదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అడాప్టర్‌ని బ్రిడ్జ్‌డ్ (వీఎం నేరుగా ఆఫీసు నెట్‌వర్క్‌లో చేరే పద్ధతి) చేసి, అసలు లాన్ కార్డును ఎంచుకోవాలి. హైపర్-వీలో ఇదే ఉచ్చు డిఫాల్ట్ స్విచ్ పేరుతో ఉంటుంది. అదీ న్యాటే, పైగా హోస్ట్ రీస్టార్ట్ అయినప్పుడల్లా దాని ఐపీ వరస మారిపోవచ్చు. వర్చువల్ స్విచ్ మేనేజర్‌లో ఎక్స్‌టర్నల్ స్విచ్ చేసి, హోస్ట్ కూడా ఆ కార్డు వాడుకునే టిక్ ఉంచి, వీఎంని దానికి తగిలించాలి. స్విచ్ తయారయ్యే కొన్ని క్షణాలు హోస్ట్ నెట్ తెగుతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో కూర్చుని చేస్తే అక్కడితో మీరు బయటే.

బ్రిడ్జ్ విషయంలో వైఫైని నమ్ముకోవద్దు. చాలా వైఫై కార్డులు, యాక్సెస్ పాయింట్లు ఒకే కనెక్షన్ మీద రెండో మ్యాక్ అడ్రస్‌ని ఒప్పుకోవు. పనిచేసినట్టే చేసి మధ్యలో తెగుతుంది. ఫైల్ సర్వర్ అన్నాక తీగ లాగాల్సిందే.

రెండోది పాత కార్డు దెయ్యం. పాత సిస్టంకి 192.168.1.10 లాంటి ఫిక్స్‌డ్ ఐపీ ఇచ్చి ఉంటారు. వీఎంలో విండోస్‌కి కొత్త కార్డు కనిపిస్తుంది, దాని పేరు లోకల్ ఏరియా కనెక్షన్ 2 అనో ఈథర్‌నెట్ 2 అనో ఉంటుంది. దానికి అదే ఐపీ ఇవ్వబోతే, ఈ అడ్రస్ ఇప్పటికే వేరే అడాప్టర్‌కి ఉంది, ఆ అడాప్టర్ ఇప్పుడు కంప్యూటర్‌లో లేదు అని మెసేజ్ వస్తుంది. ఆ ప్రశ్నకి అవును అనేసి ముందుకెళ్లడం కన్నా పాతదాన్ని తీసేయడమే శుభ్రం. విండోస్ 10లో డివైస్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ నొక్కి, నెట్‌వర్క్ అడాప్టర్లలో వెలిసిపోయినట్టు కనిపించే పాత రియల్‌టెక్‌నో ఇంటెల్‌నో అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సరి. విండోస్ 7లో ఆ మెనూ ఒక్కటే చాలదు. ముందు అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డెవ్ఎంజీఆర్ షో నాన్‌ప్రెజెంట్ డివైసెస్ అనే వేరియబుల్‌కి 1 సెట్ చేయాలి. మాటల మధ్య ఖాళీకి బదులు అండర్‌స్కోర్ పెట్టాలి. తర్వాత అదే విండో నుంచి డివైస్ మేనేజర్ తెరవాలి. స్టార్ట్ మెనూ నుంచి తెరిస్తే ఆ వేరియబుల్ దానికి అందదు. చాలామంది "చేశాను, కనిపించలేదు" అనేది ఇందుకే.

పాత కార్డుతో పాటు దాని కంపెనీ ఇచ్చిన టీమింగ్ సాఫ్ట్‌వేర్ (రెండు కార్డులను ఒకటిగా కలిపేది), గడువు తీరిన యాంటీవైరస్ ఫైర్‌వాల్ లాంటివి ఉంటే వాటినీ తీసేయండి. కొత్త అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ అన్న టిక్ ఉందో లేదో కూడా ఒక చూపు వేయాలి.

మూడోది నెట్‌వర్క్ ప్రొఫైల్. కార్డు కొత్తది కాబట్టి విండోస్ దృష్టిలో ఊరూ కొత్తదే, దాంతో పబ్లిక్ అని ముద్ర వేస్తుంది. పబ్లిక్‌లో షేరింగ్ రూల్స్ ఫైర్‌వాల్‌లో మూసి ఉంటాయి. సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్‌ని ప్రైవేట్‌కి మారిస్తే చాలాసార్లు అక్కడితో పని అయిపోతుంది. విండోస్ 7లో అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్ అని చూపించి మార్చనివ్వకపోతే, ఐపీ ఇచ్చినప్పుడు గేట్‌వే ఖాళీగా వదిలేశారేమో చూడండి. గేట్‌వే ఇస్తే నెట్‌వర్క్‌ని గుర్తుపడుతుంది, మార్చే వీలు వస్తుంది. ఫైర్‌వాల్ మొత్తం ఆపేసి "ఇప్పుడు వచ్చింది" అనుకోవడం పరీక్షగా రెండు నిమిషాలకి సరే, పరిష్కారంగా కాదు. ప్రైవేట్ రూల్స్ లోకల్ సబ్‌నెట్‌కే (అదే ఐపీ వరసలోని సిస్టంలకే) తెరుచుకుంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. క్లయింట్లు (షేర్ వాడుకునే సిస్టంలు) 192.168.1 వరసలో, వీఎం 192.168.0 వరసలో ఉంటే ప్రొఫైల్ ప్రైవేట్ అయినా తలుపు మూసే ఉంటుంది.

ఇక్కడిదాకా వచ్చాక కూడా రాకపోతే ఊహలు మానేసి ఎర్రర్ నంబర్ చదవాలి. ఎక్స్‌ప్లోరర్‌లో వచ్చే పొడవాటి మెసేజ్ కన్నా క్లయింట్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్ యూజ్ కమాండ్‌తో షేర్ పేరు కొడితే వచ్చే చిన్న అంకె ఎక్కువ చెబుతుంది. 53 వస్తే ఆ మెషీన్ దాకానే చేరలేదు. పేరు తేలడం లేదు, లేదా 445 పోర్ట్ (ఫైల్ షేరింగ్ వచ్చిపోయే ద్వారం) మూసి ఉంది. పేరుకి బదులు ఐపీతో కొట్టి చూడండి. ఐపీతో వచ్చి పేరుతో రాకపోతే గొడవ పేరుదే. 67 వస్తే మెషీన్ దొరికింది కానీ ఆ పేరుతో షేర్ లేదు. 5 వస్తే గుమ్మం దాకా వచ్చారు, అనుమతి లేదు. 1326 అంటే యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు. 1219 అంటే అదే సర్వర్‌కి ఇంకో యూజర్ పేరుతో ఇప్పటికే కనెక్షన్ ఉంది. నెట్ యూజ్‌తో పాతవి డిలీట్ చేసి మళ్లీ కలపాలి. 52 అంటే ఇదే పేరుతో ఇంకో సిస్టం నెట్‌వర్క్‌లో ఉంది. అంటే పాత డబ్బాని ఎవరో మళ్లీ ఆన్ చేశారు.

67 దగ్గర కాసేపు ఆగాలి, దీన్ని ఎక్కువమంది తప్పుగా చదువుతారు. షేర్ల జాబితా రిజిస్ట్రీతో పాటు వచ్చిందని పైన చెప్పాం కదా, మరి షేర్ ఎందుకు లేదు? ఆ జాబితాలో ఉండేది ఫోల్డర్ దారి మాత్రమే. డీ డ్రైవ్‌లో డేటా అనే ఫోల్డర్ అని రాసి ఉంటుంది. పాత సిస్టంలో రెండు హార్డ్ డిస్కులు ఉంటే డిస్క్‌టువీహెచ్‌డీ ఒక్కో డిస్కుకి ఒక్కో ఫైలు చేస్తుంది. వీఎం తయారుచేసేటప్పుడు మొదటి ఫైలు తగిలించి రెండోది మర్చిపోతే డీ డ్రైవే ఉండదు. రెండూ తగిలించినా, ఈలోగా డీ అక్షరాన్ని వర్చువల్ డీవీడీ డ్రైవ్ లాక్కుని ఉండొచ్చు. రెండో డిస్కు ఆఫ్‌లైన్‌లోనే ఉండిపోవడమూ ఉంది, ముఖ్యంగా సర్వర్ ఎడిషన్లలో. సర్వర్ సర్వీస్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఆ దారి కనబడక షేర్‌ని తయారుచేయకుండా చప్పుడు లేకుండా ముందుకెళ్లిపోతుంది. స్క్రీన్ మీద ఏ హెచ్చరికా రాదు. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టం లాగ్ తెరిచి 2511 నంబర్ కోసం వెతకండి. ఫలానా ఫోల్డర్ లేదు కాబట్టి ఫలానా షేర్ మళ్లీ చేయలేకపోయాను అని పేరుపేరునా రాసి ఉంటుంది.

మందు సులువే. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డీవీడీ డ్రైవ్‌కి చివరి అక్షరం ఏదైనా ఇచ్చి, డిస్కుని ఆన్‌లైన్ చేసి, దానికి డీ అక్షరం తిరిగి ఇచ్చి, సర్వర్ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే షేర్లన్నీ వాటంతట అవే లేచి నిలబడతాయి. తొందరపడి ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కొత్తగా షేర్ చేయడం మొదలుపెడితే పాత అనుమతులు పోతాయి. కన్వర్షన్ చేసిందే వాటి కోసం.

1326 గురించి కూడా ఒక మాట. చాలా పాత ఆఫీసుల్లో సర్వర్ సిస్టంకి పాస్‌వర్డే ఉండదు, గెస్ట్‌గా అందరూ లోపలికి వచ్చేవారు. ఇన్నాళ్లూ నడిచింది కదా అని వీఎంని తిట్టుకోవడం అన్యాయం. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌తో నెట్‌వర్క్ మీదుగా లాగిన్ కావడాన్ని విండోస్ ఒప్పుకోదు. గెస్ట్ దారిని విండోస్ 11 24హెచ్2లో ప్రో ఎడిషన్‌కి కూడా మూసేశారు. ఆ వెర్షన్‌లో ఎస్ఎంబీ (విండోస్ ఫైల్ షేరింగ్ భాష) సైనింగ్, అంటే ప్రతి సందేశానికీ సంతకం, కూడా తప్పనిసరి చేశారు, గెస్ట్‌గా వస్తే సైనింగ్ కుదరదు. కొత్త హోస్ట్ కొన్న రోజే క్లయింట్లూ కొత్తవి కొంటారు కాబట్టి నింద వీఎం మీద పడుతుంది. పాలసీలు తిప్పి గెస్ట్‌ని తెరిచే చిట్కాలు బోలెడు తిరుగుతుంటాయి, వాటి జోలికి పోవద్దు. వీఎంలో ఒక లోకల్ యూజర్ చేసి, పాస్‌వర్డ్ పెట్టి, షేర్‌లోనూ సెక్యూరిటీ ట్యాబ్‌లోనూ ఆ యూజర్‌కి అనుమతి ఇచ్చి, క్లయింట్ల క్రెడెన్షియల్ మేనేజర్‌లో (సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లుండే చోటు) పాత ఎంట్రీ తీసి కొత్తది ఎక్కించండి. ఒక్కో సిస్టంకి ఐదు నిమిషాల పని.

నెట్‌వర్క్ ఐకాన్‌లో సర్వర్ పేరు కనబడటం లేదన్నది వేరే సమస్య. తరచూ అసలు సమస్యే కాదు. అక్కడ కనబడటానికి ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అనే సర్వీస్ నడవాలి, యూడీపీ 3702 పోర్ట్ తెరిచి ఉండాలి. కనబడకపోయినా అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు, పేరు కొడితే తెరుచుకుంటుంది. మ్యాప్ చేసిన డ్రైవ్ పనిచేస్తుంటే ఐకాన్ కోసం గంటలు తగలెయ్యక్కర్లేదు.

ఎక్స్‌పీ కథ వేరు. మన దగ్గర డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం ఇంకా ఎక్స్‌పీ సిస్టంలు బతికే ఉన్నాయి, వాటిని వీఎం చేయాలన్న కోరిక సహజం. కొత్త డిస్క్‌టువీహెచ్‌డీ ఎక్స్‌పీ మీద నడవదు. హార్డ్ డిస్క్ విప్పి, యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకో సిస్టంకి తగిలించి అక్కడ నడపాలి. వర్చువల్‌బాక్స్‌లో నెట్‌వర్క్ కార్డు రకాన్ని ఇంటెల్ ప్రో/1000 టీ సర్వర్‌గా ఎంచుకుంటే ఎక్స్‌పీ దాన్ని విడిగా డ్రైవర్ లేకుండానే గుర్తుపడుతుంది, ఎంటీ డెస్క్‌టాప్‌ని గుర్తుపట్టదు. అన్నీ సరిచేశాక కూడా షేర్ తెరుచుకోదు. ఎక్స్‌పీకి తెలిసింది ఎస్ఎంబీ1 ఒక్కటే, విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో అది ఉండదు. హోస్ట్‌లో దాన్ని మళ్లీ ఆన్ చేయడం తేలికే, కానీ 2017 మేలో వన్నాక్రై వైరస్ పాకింది ఆ తలుపు నుంచే. దానికి బదులు వర్చువల్‌బాక్స్ గెస్ట్ అడిషన్స్‌లో (వీఎం లోపల వేసే సహాయక సాఫ్ట్‌వేర్) ఎక్స్‌పీకి పనిచేసే పాత వెర్షన్ వేసి షేర్డ్ ఫోల్డర్ పెట్టుకోండి. ఫైళ్లు అటూ ఇటూ వెళ్తాయి, ఎక్స్‌పీకి లాన్ అవసరమే ఉండదు. యూఎస్‌బీ హార్డ్‌వేర్ లాక్ ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే హైపర్-వీ పనికిరాదు, అది యూఎస్‌బీని వీఎంకి నేరుగా ఇవ్వదు. వర్చువల్‌బాక్స్ ఇస్తుంది.

డొమైన్‌లో (ఆఫీసు సిస్టంలు, యూజర్లను ఒకే సర్వర్ నుంచి నడిపే ఏర్పాటు) ఉన్న సిస్టంలకి ఇంకో మెలిక ఉంది. కంప్యూటర్ అకౌంట్‌కి ఒక రహస్య పాస్‌వర్డ్ ఉంటుంది, మామూలుగా 30 రోజులకోసారి మారుతుంది. కన్వర్షన్ అయ్యాక పాత మెషీన్ ఆన్‌లో ఉండి పాస్‌వర్డ్ మార్చుకుంటే వీఎం దగ్గర ఉన్నది చెల్లదు. ట్రస్ట్ రిలేషన్‌షిప్ తెగిందన్న మెసేజ్ అదే. లోకల్ అడ్మిన్‌గా లోపలికి వెళ్లి పవర్‌షెల్‌లో టెస్ట్-కంప్యూటర్‌సెక్యూర్‌ఛానెల్ కమాండ్‌కి రిపేర్ స్విచ్ ఇస్తే డొమైన్ నుంచి తీసి మళ్లీ చేర్చే పని తప్పుతుంది. వీఎంని పాత చెక్‌పాయింట్‌కి (ఒక సమయంలో సేవ్ చేసిన వీఎం స్థితి) వెనక్కి తిప్పినా ఇదే జరుగుతుంది. అన్నట్టు ఫైల్ సర్వర్ వీఎంకి చెక్‌పాయింట్ బ్యాకప్ కాదు. వెనక్కి తిప్పితే ఆ తర్వాత సేవ్ చేసిన ఫైళ్లన్నీ పోతాయి.

షేర్ వస్తోంది కానీ నత్తనడక అంటే, హైపర్-వీ జనరేషన్ 1లో లెగసీ నెట్‌వర్క్ అడాప్టర్ పెట్టారేమో చూడండి. అది 100 ఎంబీపీఎస్ కార్డు. మామూలు నెట్‌వర్క్ అడాప్టర్ పెట్టి, విండోస్ 7 అయితే ఇంటిగ్రేషన్ సర్వీసెస్ వేస్తే తేడా కళ్లకి కనిపిస్తుంది. బ్రాడ్‌కామ్ గిగాబిట్ కార్డులున్న కొన్ని సర్వర్లలో వీఎంక్యూ అనే ఆప్షన్ వల్ల వీఎంల నెట్‌వర్క్ మందగించడం ప్రసిద్ధమైన గొడవ. హోస్ట్‌లో ఆ కార్డు అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో దాన్ని డిసేబుల్ చేయాలి.

పోటీలో వీఎంవేర్ కన్వర్టర్ ఉంది. దాని విజార్డ్‌లో అడాప్టర్లు ఎన్ని, ఏ నెట్‌వర్క్‌కి అన్నది కన్వర్షన్ అప్పుడే అడుగుతుంది, ఆ మేరకు న్యాట్ ఉచ్చు తప్పుతుంది. బరువైన ఇన్‌స్టలేషన్, వీఎంవేర్ వాడేవాళ్లకే. ఒక్క సిస్టం మార్చాలనుకునే ఆఫీసుకి డిస్క్‌టువీహెచ్‌డీయే చాలు, పై పనులకి అరపూట కేటాయిస్తే. హోస్ట్‌లో విండోస్ హోమ్ ఉంటే హైపర్-వీ రాదు, వర్చువల్‌బాక్స్ ఎంచుకోండి.

శనివారం సాయంత్రం అందరూ వెళ్లాక మొదలుపెట్టండి. టాలీ ఉంటే కన్వర్షన్‌కి ముందే పాత సిస్టంలో లైసెన్స్ సరెండర్ చేసి, వీఎంలో మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి. మారిన హార్డ్‌వేర్‌ని అది గుర్తుపడుతుంది. విండోస్ కూడా యాక్టివేషన్ అడగొచ్చు. సిస్టంతో వచ్చిన ఓఈఎం లైసెన్స్ వీఎంకి చెల్లదు, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. రూటర్‌లో పాత మ్యాక్ మీద ఐపీ రిజర్వ్ చేసి ఉంటే వీఎం కార్డుకి అదే మ్యాక్‌ని స్టాటిక్‌గా ఇచ్చేయొచ్చు, రూటర్‌ని ముట్టుకోకుండా పాత ఐపీయే వస్తుంది. ఈ కిటుకు పాత డబ్బా మళ్లీ ఆన్ కానంతవరకే. హోస్ట్‌లో స్లీప్ ఆపేసి, వీఎం దానంతట అదే స్టార్ట్ అయ్యేలా పెట్టండి. కరెంటు పోయి వచ్చిన పొద్దున ఫోన్లు రాకుండా ఉంటాయి. పాత డబ్బా లాన్ కేబుల్ పీకి, కేబుల్‌ని అక్కడ వేలాడనివ్వకుండా చుట్టి పక్కన పెట్టి, పవర్ బటన్ మీద "ఆన్ చేయొద్దు" అని టేప్ అంటించండి.